నాలుగో కౌంటరు స్టూలు

కోళిక్కోడ్ మిఠాయి వీధిలో సదానందన్ గారి చీరల కొట్లో, నాలుగో కౌంటరు దగ్గర, విలాసినికి ఇది పదకొండో ఏడు. ఇన్నేళ్లలో ఆమె కొట్లో కూర్చున్నది మధ్యాహ్నం అన్నం తినే పదిహేను నిమిషాలే. ఎడమ పిక్క మీద నరాలు ఉబ్బి, చీలమండ దగ్గర పుండు పడింది. "రోజంతా నిలబడినన్నాళ్లూ ఇది తగ్గదమ్మా" అన్నాడు డాక్టరు. కూర్చుంటే ఉద్యోగం ఉండదు, నిలబడితే కాలు ఉండదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

యజమాని సదానందన్, అందరి నోటా ముదలాళి, కిందికి దిగేది తక్కువ. పై అంతస్తులో టీవీ ముందు కూర్చుని, కౌంటరుకొకటి పెట్టించిన కెమెరాలు చూస్తుంటాడు. ఎవరైనా అల్మరాకి ఆనుకున్నారో, కౌంటరు మీద ఫోను మోగేది.

"ఏం, ఆ గోడ పడిపోతుందని ఆసరా ఇస్తున్నావా?" అన్నాడొకసారి విలాసినితో. పోయిన వారం మాత్రం నవ్వలేదు. "మళ్లీ ఆనుకున్నావంటే, రేపట్నించి మీ ఇంటి గోడకి ఆనుకో."

ఆ ఏడే తిరువనంతపురంలో చట్టం చేశారు. కొట్లో పనిచేసేవాళ్లకి కూర్చునే వీలుండాలని. ముదలాళి చట్టానికి భయపడే మనిషే. పన్నెండు స్టూళ్లు కొన్నాడు. బిల్లు ఫైల్లో పెట్టాడు, స్టూళ్లు గోడౌన్లో పెట్టాడు.

విలాసిని కార్మికశాఖకి అర్జీ రాసింది. తోటివాళ్లెవరూ సంతకం పెట్టలేదు. వాళ్లని ఆమె ఏమీ అనలేదు. ఎవరి భయాలు వాళ్లవి.

అధికారి వస్తున్నట్టు ముదలాళికి ఎలా తెలిసిందో గానీ, ఆ పొద్దున స్టూళ్లు గోడౌన్లోంచి కొట్లోకి వచ్చాయి. ప్లాస్టిక్ కవర్లు కూడా విప్పలేదు. "కూర్చోండి! కాస్త నవ్వుతూ కూర్చోండి!" అని మేనేజరు ప్రకాశన్ వెంటపడ్డాడు. పన్నెండు మందీ పెళ్లిచూపుల్లోలా బిగుసుకుని కూర్చున్నారు.

అధికారిణి లిసమ్మ గుమ్మంలో అడుగుపెట్టిందో లేదో, పన్నెండు మందీ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు.

"రండి చేచ్చీ, ఏం చీరలు చూపించమంటారు?"

ప్రకాశన్ తల పట్టుకున్నాడు.

"చూశారా మేడమ్, మర్యాద!" అంటూ ముదలాళి పరుగున వచ్చాడు. "లేకపోతే రోజంతా హాయిగా కూర్చునే ఉంటారు. పని ఎగ్గొట్టేవాళ్లెవరో మీకు రాసుంటారు. నా దగ్గర దాపరికం లేదు. సూది కింద పడినా కెమెరాలో కనబడుతుంది!"

ఇప్పుడు నోరు విప్పకపోతే ఇంకెప్పుడూ విప్పలేననుకుంది విలాసిని.

"రాసింది నేనే మేడమ్" అంది. "నా మాట నమ్మొద్దు. ఆయన మాటా నమ్మొద్దు. ఆ కెమెరానే అడగండి. నిన్నటిది చూపించమనండి."

ముదలాళి "సిస్టమ్..." అని ఏదో గొణిగాడు గానీ, తన గొప్పే తన మెడకి చుట్టుకుంది.

పైన టీవీలో నిన్నటి రోజు నడిచింది. పొద్దున పది నుంచి రాత్రి ఎనిమిది దాకా లిసమ్మ అక్కడక్కడా ఆపి చూసింది. ఒక్క స్టూలు లేదు, కూర్చున్న మనిషి లేదు. మూడున్నరకి విలాసిని అల్మరాకి ఆనుకుంది. వెంటనే ఫోను ఎత్తింది. ఉలిక్కిపడి నిటారుగా నిలబడింది.

"అప్పుడు ఫోన్ చేసిందెవరు?" అని అడిగింది లిసమ్మ. ముదలాళి ఫ్యాను వైపు చూశాడు.

నోటీసు అక్కడే రాసిచ్చింది. "నెల తిరక్కుండా మళ్లీ వస్తాను. ఈవిణ్ణి పనిలోంచి తీసేస్తే కారణం నాకు కాగితం మీద చెప్పాలి."

మర్నాడు మూడున్నరకి నాలుగో కౌంటరు ఫోను మోగింది. అలవాటుగా అందరూ గడ్డకట్టుకుపోయారు. విలాసిని స్టూలు మీంచి లేవలేదు. ఎడమకాలు చీరల మూట మీద చాపుకుని, కెమెరా వంక చూస్తూ ఫోను ఎత్తింది.

"చెప్పండి ముదలాళీ."

అవతల ముదలాళి గొంతు సవరించుకున్నాడు.

"కసవు జరీ చీరల స్టాకు... వచ్చిందా?"

"వచ్చింది. కూర్చుని లెక్క చూస్తున్నా" అంది విలాసిని.

మిగతా పదకొండు మందీ ఒక్కొక్కరుగా కూర్చున్నారు.