అరక్షణం ఆలస్యం

త్రినాథరావుకి అనుమానం పుట్టుకతో వచ్చిన జబ్బు. మధురవాడలో అతను పనిచేసే ఐటీ ఆఫీసులో ఎవరైనా పిలిచి టీ ఇప్పిస్తే, ముందు వాళ్ల ముఖం చూసి, తర్వాత తాగుతాడు. అలాంటివాడు ముగ్గురు కలిసి ఆడితే తప్ప గెలవలేని ఆన్‌లైన్ ఆటలో దిగడమే విడ్డూరం.

ఆ ఆటలో ఒక కోట గేటు ఉంది. ముగ్గురూ మూడు గొలుసులు ఒకేసారి లాగాలి. ఒక్కరు అరక్షణం వెనకబడినా గేటు ధడాలున కిందపడి, ఆట మొదటికొస్తుంది. ఇప్పటికి ఇరవై రెండుసార్లు మొదటికొచ్చింది. జట్టులో దేవిశ్రీ దువ్వాడలో కాలేజీ లెక్చరరు, ఓర్పున్న మనిషి. మూడోవాడు అబ్బులు, పెదజాలరిపేటలో తండ్రితో కలిసి చేపల వేటకు వెళ్తుంటాడు. చేరి రెండు వారాలైంది.

త్రినాథరావు రికార్డింగులన్నీ ముందేసుకుని కూర్చున్నాడు. ఇరవై రెండుసార్లూ ఆలస్యం అబ్బులుదే. అదీ ప్రతిసారీ సరిగ్గా అంతే ఆలస్యం. చేతకానివాడు ఓసారి ముందు లాగుతాడు, ఓసారి వెనక లాగుతాడు. ఇలా కొలిచినట్టు వెనకబడేవాడు కావాలనే చేస్తున్నాడు. పైగా గురువారం వేరే జట్టుతో ఆడుతూ కనిపించాడు. ఇంకేం కావాలి?

దేవిశ్రీకి ఫోన్ చేశాడు. "ఆడు మనల్ని కావాలనే ఓడిస్తన్నాడు. తీసేద్దాం."

"అతన్ని అడిగావా?"

"దొంగని అడిగితే సెప్తాడేటి?"

"అడిగి రా. తర్వాతే తీసేద్దాం," అని పెట్టేసింది దేవిశ్రీ.

ఆదివారం మధ్యాహ్నం త్రినాథరావు చెప్పాపెట్టకుండా బండేసుకుని పెదజాలరిపేట వెళ్లాడు. చెబితే జాగ్రత్తపడతాడని అతని భయం. ఒడ్డున, జట్టులో చేరినప్పుడు వీడియో కాల్‌లో చూసిన అబ్బులు పదిమందితో కలిసి పెద్ద వల తాడు లాగుతున్నాడు. ఒక బోటు చాటున నిలబడి చూశాడు.

ముందున్న పెద్దాయన కేక పెట్టాడు. ఎవరూ తాడు కదపలేదు. అందరూ ఒక్క గొంతుతో "హైలెస్సా" అని బదులు పలికి, ఆ బదులు మీద లాగారు. మళ్లీ కేక, మళ్లీ బదులు, అప్పుడు లాగడం. కేకకీ లాగడానికీ మధ్య ఆ కాస్త ఆలస్యం త్రినాథరావుకి బాగా తెలిసినదే. ఇరవై రెండుసార్లు చూశాడు మరి. అయినా అనుమానం అంత తేలిగ్గా పోతుందా? వల ఒడ్డుకొచ్చాక దగ్గరికెళ్లాడు.

అబ్బులు చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. "ఏటి బావ, ఇలాగొచ్చావు?"

"గురువారం వేరేవోళ్లతో ఆడావేటి?"

అబ్బులు దాచలేదు. "ఆడాను. మీరు నన్ను తీసేత్తారని ఇంకో జట్టు సూసుకుంటన్నాను."

"ఎవులు సెప్పారు?"

"ఎవులు సెప్పాల? నువ్వు 'లాగండి' అంటావు. నాను బదులు కోసం సూత్తాను. నువ్వూ పలకవు, ఆ మేడమూ పలకదు. మా కాడ తాడు పట్టినోడు పలక్కపోతే, పక్కోడి మీద కోపం ఉన్నట్టే. ఇంక సేసేది లేక ఒక్కడినే లాగుతాను."

త్రినాథరావుకి సిగ్గేసింది. ఇన్నిసార్లు రికార్డింగుల్లో అబ్బులు చేతినే చూశాడు గానీ, తన కేకకి ఎవరూ బదులు పలకడం లేదని ఒక్కసారీ పట్టించుకోలేదు. తను ఏమనుకున్నాడో, దేవిశ్రీతో ఏమన్నాడో అంతా చెప్పి, తప్పయిందన్నాడు. అబ్బులు వలలో చేపలు ఏరడానికి వంగాడు. సాయంత్రం ఆరింటికి వస్తానన్నాడు, ఆ ఒక్కసారికే.

ఆరింటికి ముగ్గురూ గొలుసులు పట్టారు. త్రినాథరావు కేక పెట్టాడు. ముందే అనుకున్నట్టు దేవిశ్రీ, అబ్బులు గొంతు కలిపి బదులు పలికారు. ఆ బదులు విన్న సంతోషంలో త్రినాథరావు లాగడమే మరిచిపోయాడు. గేటు ధడాలున పడింది.

"ఇప్పుడెవరు ఆలస్యం?" అంది దేవిశ్రీ.

నెట్ ఆగిందని చెప్పొచ్చు. రికార్డింగులు చూసేది ఎలాగూ తనొక్కడే.

"నానే," అన్నాడు త్రినాథరావు.

తను కావాలనే చేశాడని అబ్బులు అనుకుంటాడేమోనని త్రినాథరావుకి భయం పట్టుకుంది.

"మళ్లీ కేకెట్టు బావ," అన్నాడు అబ్బులు. "నాను ఎక్కడికీ పోను."