వాల్చి కట్టిన గోడ

పడేదయితే ఈపాటికే పడిపోయి ఉండేది కదా, అనుకుంది అంజుమ్ గోడలు కొలిచే స్కానర్ స్టాండు కాళ్ళు బిగిస్తూ, కాని ఆ మాట పైకి అనే ధైర్యం లేదు, చర్చి ఉత్తరపు గోడ బయటినుంచి చూస్తే లోపలికి ఒరిగినట్టే ఉంది, పక్కన కొత్త రేకుల షెడ్డు స్తంభం నిటారుగా నిలబడేసరికి ఆ ఒరుగు మరీ తెలుస్తోంది, పొద్దున జీపు దిగగానే సంఘం పెద్ద జయకర్ ఎదురొచ్చి, అమ్మాయ్, క్రిస్మస్ నాడు పిల్లోళ్ళంతా ఆ గోడ పక్కనే కూర్చుంటారు, నువ్వు పడదంటే ఉంచుతాం, పడుద్దంటే కూలగొడతాం అన్నాడు, కూలగొట్టాలన్న తొందర లేదు ఆ గొంతులో, భయం ఉంది, ఆ భయమే ఇప్పుడు తన వేళ్ళలోకీ దిగింది, పడదని తను చెప్పాక పడితే.

మీట నొక్కగానే స్కానర్ తల గిర్రున తిరిగింది, కంటికి కనపడని కాంతి రాళ్ళను తాకి వెనక్కొస్తోంది, తాకిన చోటల్లా తెర మీద ఒక చుక్క, చుక్కా చుక్కా కలిసి కిటికీలు, కమాను, సున్నం పెచ్చులూడిన చోట పిచ్చుక గూడు కూడా, ఎన్నిసార్లు చూసినా ఒళ్ళు జలదరిస్తుంది ఆమెకు, చిన్నప్పుడు నరసరావుపేట మెకానిక్ షెడ్డులో నాన్న మౌలాలీ లారీ ఛాసీ వంకర చూడాలంటే దారం లాగి, ఆ కొస గట్టిగా పట్టుకోవే, కదిలితే అబద్ధం చెప్పుద్ది అనేవాడు, దారం పట్టుకున్న ఆ వేళ్ళే ఇవి, చర్చి మెట్ల మీద కూర్చున్న పిచ్చమ్మ మామ్మ అడుగుతోంది, ఏంది తల్లీ, నీ మిషను గోడకి నొప్పి పుట్టియ్యదుగా, దీనికి సున్నం మోసింది మా అమ్మమ్మే, లేదు మామ్మా, వెలుగే తగులుద్ది, అంతే.

లోపల కూడా తిప్పి, తలుపు సందులోంచి లోపలినీ బయటినీ కలిపి, ల్యాప్‌టాప్‌లో గోడను నిలువునా కోసి చూసింది, లోపలి గీత తూకంగుండు వేలాడదీసినట్టు నిటారుగా ఉంది, బయటి గీత అడుగున దానికి దూరంగా మొదలై పైకి పోయేకొద్దీ దాని దగ్గరికి జరిగింది, అటునుంచీ ఇటునుంచీ చూసిన ఏ కంటికీ గోడ మందం కనపడదు మరి, పోయినేడు ఆఫీసువాళ్ళు బయటినుంచి మాత్రమే తీసిన స్కాను దాని మీద పెట్టింది, ఇన్ని వానలు, ఒక తుఫాను, కదలిక లేదు, ఏందమ్మా, పడుద్దా, జయకర్ వెనక నిలబడి ఉన్నాడు, పడదు బాబాయ్, గోడ నిక్షేపంలా ఉంది, కప్పు దూలాలు మాత్రం నడుమ కుంగాయి, మార్పించండి, ఆయన వెళ్ళి గోడకు అరచేయి ఆనించి అట్లాగే నిలబడ్డాడు, పిచ్చమ్మ కొంగు నెత్తిన కప్పుకుని కళ్ళు మూసుకుంది.

అంజుమ్ తెర మీంచి చూపు తిప్పుకోలేకపోయింది, ఎవరు వాళ్ళు, ఏ రాతిలోనూ పేరు చెక్కుకోలేదు, ఇట్లాంటి యంత్రం ఎరగరు, అడుగున లావుగా మొదలుపెట్టి పైకి సన్నం చేసుకుంటూ వచ్చారు, బరువంతా నేలలోకి దిగేట్టు, తమ తరవాత ఈ గోడ పక్కన కూర్చునే పిల్లల మీద ఒక్క పెళ్ళ కూడా రాలకుండా, ఈ గోడ వాలలేదు, వాల్చి కట్టారు.