తొమ్మిదో సమాచారదాత

ఆ కార్డు మరియదాసుది. స్ఫూర్తి దాన్ని లాక్కుంది. ఇందులో ఇంకో మాటకు చోటు లేదు.

సినిమా మొదట్లో తెర మీద పేర్లు పడతాయి. ఒక్కో పేరు పడే చోటును ఫిల్మ్‌నగర్‌లో కార్డు అంటారు. నిర్మాత సుబ్రహ్మణ్యం తీసిన పంతొమ్మిది సినిమాల్లోనూ 'ప్రచారం: మరియదాసు' అని విడిగా ఒక కార్డు పడింది. అది పడే వేళకు జనం ఇంకా సీట్లు వెతుక్కుంటూ ఉంటారు. ఎవరూ చదవరు. అయినా మరియదాసు ప్రతి సినిమాకూ మొదటి ఆటకు వెళ్లి, ఆ కార్డు దాటగానే లేచి వచ్చేసేవాడు. ఇరవయ్యో సినిమాకు అక్కడ స్ఫూర్తి పేరు వేస్తానన్నాడు సుబ్రహ్మణ్యం.

"మీరు పెద్దరికంగా ఉండండి మరియదాసుగారూ."

"పెద్దరికంగా అంటే ఎక్కడండీ?"

"పక్కనే. అమ్మాయికి సలహాలివ్వండి."

"అడిగితే కదండీ ఇవ్వడానికి."

సుబ్రహ్మణ్యం ఫోన్ చూసుకున్నాడు. మాట అయిపోయిందనడానికి ఆయన చేసేది అదే.

స్ఫూర్తి షేక్‌పేట పాత ఊళ్లో పిండిగిర్నీ నడిపే హనుమంతు కూతురు. పాతికేళ్లుంటాయి. ఎమ్మే కమ్యూనికేషన్ చదివింది. మరియదాసు చదివింది గుంటూరు జిల్లా పల్లెలో మిషన్ బడి, పదో తరగతి వరకు. మనుషులతో మాట్లాడడానికి కూడా పట్టా ఇస్తారని అతనికి ఆ పిల్ల వచ్చేదాకా తెలియదు.

అసలు తేడా పోయిన వేసవిలో వచ్చింది. షూటింగులో తాడు తెగి ఒక ఫైటర్ కింద పడ్డాడు. మరియదాసు పది నిమిషాల్లో 'స్వల్ప గాయం, ఆరోగ్యం నిలకడ' అని ప్రెస్‌నోట్ రాసేశాడు. ఆఫీసులో చేరి ఆరు నెలలు కూడా కాని స్ఫూర్తి ఆ కాగితం పట్టుకుని నిలబడింది.

"సార్, ఆయన తొడ ఎముక ఇరిగింది. స్వల్పమని ఎట్ల రాస్తం?"

"ఎప్పుడూ అలాగే రాస్తాం."

"సాయంత్రానికి ఎక్స్‌రే అందరి ఫోన్లల్ల ఉంటది. ముందుగాల ఇంట్లోళ్లకు చెప్దాం. తర్వాత ఉన్నదున్నట్టు మనమే చెప్దాం."

అలాగే చేసింది. ఫైటర్ భార్యను ఆసుపత్రికి రప్పించి, ఆమెతో మాట్లాడాక సుబ్రహ్మణ్యాన్ని విలేకరుల ముందు నిలబెట్టింది. ఏమేం అడుగుతారో ముందే రాసిచ్చింది. అవే అడిగారు. మర్నాడు ఏ పత్రికా ఆయన్ని తప్పుపట్టలేదు.

"ఎక్కడ నేర్చుకున్నావమ్మా ఇదంతా?" అన్నాడు సుబ్రహ్మణ్యం.

"కాలేజీలనే సార్. ఉత్తుత్తి ప్రమాదం ఒకటి చెప్పి మాతోని ప్రెస్‌మీట్ పెట్టించేటోళ్లు. మా సార్లే విలేకరులు. నన్నైతే రెండుసార్లు ఏడిపిచ్చిన్రు."

సుబ్రహ్మణ్యం గట్టిగా నవ్వాడు. పంతొమ్మిది సినిమాల్లో మరియదాసు మాటకు ఆయన అలా నవ్వింది లేదు. ఆ నవ్వును మరియదాసు ఈరోజుకీ క్షమించలేదు.

కార్డు సంగతి తెలిసిన రోజు టీ కొట్టు దగ్గర కమలాకర్ కలిశాడు. పాతికేళ్లుగా సినిమా వార్తలు రాస్తున్న విలేకరి.

"ఏందన్నా, మొఖం గట్ల మాడ్చుకున్నవ్? ఇగ రోజూ సెలవే గద."

"ఆ పిల్లకి ఎమ్మే ఎవరిచ్చారనుకున్నావు? నేనిచ్చాను. రెండేళ్ల కిందట మూడు ఆదివారాలు మా ఇంటికొచ్చింది. ఫోన్ బల్ల మీద పెట్టి నా పనంతా నాచేత చెప్పించుకుంది. దాన్నే పుస్తకం కట్టి కాలేజీకిచ్చింది."

"అయితే ఆ పుస్తకం సుబ్రహ్మణ్యం సార్‌కు చూపియ్యరాదే. సరుకు నాది, పేరు ఆమెది అని చెప్పు. మళ్ల నీ కార్డు నీకొస్తది."

"చూపిస్తాను."

"జర సదివినంక చూపియ్యి. సదవకుంటనే కొట్లాటకు పోతవ్ నువ్వు."

మరియదాసు అప్పుడే సుబ్రహ్మణ్యానికి ఫోన్ చేసి, సోమవారం వస్తాననీ, ఒకటి చూపించాలనీ చెప్పాడు.

ఆ పుస్తకం ఒక ప్రతి మోతీనగర్‌లో మరియదాసు ఇంట్లో బీరువా మీద ఉంది. స్ఫూర్తే తెచ్చిచ్చింది. అప్పటికి అతని భార్య ఫిలోమినా బతికే ఉంది. ఆమె పోయి ఏడాదిన్నర. ఈలోగా మరియదాసు దాన్ని తెరవలేదు. ఆదివారం చర్చిలో పూజ నుంచి వచ్చి, దుమ్ము దులిపి, దొంగతనం ఎక్కడ కనపడితే అక్కడ గీత పెట్టడానికి ఎర్ర పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాడు.

తెలుగులోనే ఉంది. తొంభై నాలుగు పేజీలు. అతను చెప్పిన ప్రతి మాట పక్కనా అతని పేరుంది. నలభయ్యో పేజీ దాటినా పెన్సిల్‌కు పని తగల్లేదు. కోపం ఇంకా పెరిగింది. దొంగిలించి ఉంటే బాగుండేది.

మిగతావాళ్లకు పేర్లు లేవు. అంకెలే. 'సమాచారదాత నాలుగు, విలేకరి: ఆ సార్ నోట్ మేం సదవం. పేర్లు జూస్కుంటం. మిగిలిందంత మాకు నోటికొచ్చు.' అది కమలాకర్ అని తెలియడానికి పేరు అక్కర్లేదు. మరియదాసు పేజీ తిప్పాడు.

డెబ్బై ఒకటో పేజీలో తొమ్మిదో సమాచారదాత ఉంది. 'ప్రచారకర్త భార్య, యాభై నాలుగేళ్లు.'

రెండేళ్ల కిందటి ఆ మూడో ఆదివారం అతను ప్రెస్‌మీట్‌లో చిక్కుకుని ఆలస్యంగా వచ్చాడు. వచ్చేసరికి ఆ పిల్ల వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చుని ఉంది. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో అతను అడగలేదు. ఇప్పుడు ఉన్నదున్నట్టు అచ్చయి ఉంది.

'సార్ రాసింది మీకు వినిపిస్తరా ఆంటీ?'

'ప్రతిదీ. వంటింటి గడప దగ్గర నిలబడి చదువుతారు.'

'మీరేమంటరు?'

'బాగుందంటాను.'

'నిజంగ బాగుంటదా?'

దాని కింద, 'ఇక్కడ ఒక నిమిషం మౌనం' అని రాసి ఉంది. ఆ తర్వాత జవాబు.

'ఉండదమ్మా. పేర్లు తీసేస్తే పోయినేడాదిదీ ఇదీ ఒకటే. చెబుదామనే ఉంటుంది. చదవడం అయిపోగానే బాగుంది కదూ అని వెళ్లిపోతారు. నన్నొకటి అడిగి ఇంతసేపు ఆగినదానివి నువ్వే.'

'ఇక్కడ ఆమె నవ్వారు.'

మరియదాసు చాలాసేపు ఆ ఆఖరి వాక్యాన్నే చూశాడు. ఇరవై తొమ్మిదేళ్ల కాపురం. ఆమె నవ్వు ఎలా ఉండేదో తలచుకోబోతే అందలేదు. తనకు చెప్పని మాట గిర్నీ హనుమంతు కూతురికి చెప్పింది. చెప్పి నవ్వింది కూడా. వెనక పేజీల్లో ఆ పిల్ల తన పద్ధతి రాసుకుంది: 'ప్రశ్న అడిగాక వచ్చే మౌనాన్ని మన మాటలతో నింపకూడదని తరగతిలో నేర్పారు.' నేర్పారట. ఆ ఒక్క నిమిషం ఆగడం నేర్చుకుని, అతని ఇంట్లోకి వచ్చి, అతని భార్యను మాట్లాడించి పోయింది. దీని ముందు కార్డు ఎంత? చనిపోయిన మనిషి మీద కూడా అతనికి కోపం వచ్చింది. దాన్ని అణచుకోవాలనిపించలేదు.

సోమవారం సుబ్రహ్మణ్యం ఆఫీసుకు పుస్తకం సంచిలో పెట్టుకుని వెళ్లాడు.

"ఏదో చూపిస్తానన్నారు?"

సంచి జిప్పు మీద చెయ్యి వేశాడు. ఈ పుస్తకం ఇక్కడ తెరిస్తే ఈయన డెబ్బై ఒకటో పేజీ చదువుతాడు. తర్వాత ఆఫీసంతా చదువుతుంది.

"ఏం లేదండీ. కార్డు ఆ అమ్మాయి పేరునే వేయండి."

"మనసులో ఏం పెట్టుకోకండి."

"పెట్టుకున్నాను లెండి."

మెట్లు దిగుతుంటే స్ఫూర్తి వెనకే వచ్చింది. చెయ్యి వేసినప్పుడు సగం తెరుచుకున్న సంచిలోంచి పుస్తకం నీలం అట్ట ఆమెకు కనపడింది.

"చదివిన్రా సార్?"

అతను సంచి జిప్పు లాగి మూశాడు.

"ఆంటీ పేరు ఎక్కడా రాయలే. ఎవ్వలకు చెప్పలే. ఆంటీ మాట్లాడిన రికార్డింగ్ నా దగ్గర్నే ఉన్నది సార్, నలభై నిమిషాలు. నవ్వింది గూడ ఉన్నది. మీకు పంపియ్యనా?"

అడిగి ఊరుకుంది. రెయిలింగ్ పట్టుకుని, అతని ముఖం చూస్తూ, ఇంకేమీ అనకుండా నిలబడింది. ఆ ఊరుకోవడం ఏమిటో మరియదాసుకు ఇప్పుడు తెలుసు. అందులో కాలు పెట్టదలచుకోలేదు.

"వద్దు."

"ఇప్పుడు కాకుంటే మళ్లెప్పుడన్న..."

"ఉంచుకుంటావో చెరిపేస్తావో నీ ఇష్టం. నా దగ్గర ఈ మాట ఎత్తొద్దు. సుబ్రహ్మణ్యంగారు అడిగినా, మా చర్చిలో ఫాదర్ అడిగినా నేను చెప్పేది లేదు. ఇంకెప్పుడూ మాట్లాడను."