అద్దె అడుగులు

చక్రధరరావుకి నడక అంటే పడదు. దంతెవాడ దగ్గర గనుల కంపెనీ స్టోర్సులో ముప్ఫయ్యేళ్లు కుర్చీ దిగకుండా పనిచేసి, కల్యాణి వండి పెట్టిందల్లా తిని, నూట ఎనిమిది కిలోలకి చేరాడు. మెట్లెక్కితే ఆయాసం, దిగితే మోకాళ్ల నొప్పి. అలాంటివాళ్ల కోసమే ఆ ఏడు కంపెనీ ఒక పథకం పెట్టింది. ఒళ్లు చేసిన ఉద్యోగులకి తలా ఒక వాచీ ఇస్తారు. అది కట్టుకుని రోజుకి పదివేల అడుగుల చొప్పున తొంభై రోజులు నడిస్తే ముప్ఫయి వేలు బహుమానం. బరువు తగ్గాడా లేదా అని ఎవరూ తూచరు. ఇది ఏ మహానుభావుడి బుర్రలో పుట్టిందో గాని, మన రావుగారు నాలుగు రోజులు నడిచి అయిదో రోజు మంచమెక్కాడు.

మంచం మీంచి చూస్తే అంట్లు తోముతున్న పనిమనిషి లక్కే కనిపించింది. లక్కేది తెలుగు మాట్లాడే ఉసూర్ వైపు. పెళ్లయ్యాక కొండ మీది పల్లెకి వచ్చింది. పొద్దున్నే కొండ దిగి టౌన్‌షిప్‌లో నాలుగిళ్ల పని చేస్తుంది. ఎనిమిది నెలల పిల్లకి పాలివ్వడానికి మధ్యాహ్నం మళ్లీ కొండెక్కి దిగుతుంది. సాయంత్రం మళ్లీ ఎక్కుతుంది. ఆ నడకకి ఆమెకి ఇన్నాళ్లూ ఎవడూ పైసా ఇచ్చింది లేదు.

"ఇది చేతికి కట్టుకుని తిరుగు. నెలకి అయిదొందలిస్తాను," అన్నాడు.

లక్కే వాచీని తిప్పి తిప్పి చూసి నవ్వింది. "నేను నడిస్తే నువ్వెట్ల సన్నబడతవ్ సారూ?"

"నడవమన్నది మిమ్మల్నండీ," అంది కల్యాణి. "మధ్యలో దాన్నెందుకు లాగడం?"

"నువ్వూరుకో," అన్నాడతను. ఆ ఇంట్లో ఏ చర్చయినా అక్కడితో ఆగిపోతుంది.

అడుగులకి కొదవ లేకపోయింది. వాచీ లెక్క ఎప్పటికప్పుడు ఆఫీసుకి చేరిపోయేది. ఆఫీసులో అందరూ రావుగారి పట్టుదలని మెచ్చుకున్నారు. అతనికి మాత్రం లోపల గుబులు. పక్క సెక్షన్లో ఒకాయన వాచీని మనవడి ఉయ్యాలకి కట్టి దొరికిపోయాడు. చార్జిషీటు ఇచ్చి, పేరు నోటీసు బోర్డుకి ఎక్కించారు. ఆయన భార్య ఆదివారం సంతకి రావడం కూడా మానేసింది. చక్రధరరావుకి రిటైర్మెంటు ఇంకా రెండేళ్లుంది.

తొంభై రోజులూ నిండిన మర్నాడే బహుమతుల సభ. పొద్దున లక్కే దగ్గర వాచీ తీసుకోవలసింది, హడావుడిలో మరిచాడు. ఖాళీ మణికట్టు కనబడకుండా ఎప్పటిలాగే పొడుగు చేతుల చొక్కా వేసుకుని వెళ్లాడు. వేదిక మీద పేర్లు పిలుస్తూండగా ఫోన్ మోగింది. కొండదారిలో పోలీసులు నక్సలైట్ల కోసం నెల క్రితం కొత్తగా తనిఖీ నాకా పెట్టారు. అక్కడి ఎస్సై మాట్లాడుతున్నాడు.

"రావు సాబ్, వాచీ వెనక మీ పేరూ ఫోన్ నంబరూ ఉన్నాయి," అన్నాడు హిందీలో. "ఇవాళ అడవిదారిలో సోదా చేస్తే ఒకామె దగ్గర దొరికింది. మీరే ఇచ్చారంటోంది. ఇచ్చారా?"

ముందు వరసలో జనరల్ మేనేజర్ కూర్చుని ఉన్నాడు.

"ఇవ్వలేదు సాబ్. పొద్దున్నించీ కనబడటం లేదు."

"అయితే చోరీ."

"అయి ఉంటుంది."

రెండు కసుర్లు కసిరి వదిలేస్తారు, సాయంత్రం వెళ్లి తనే సర్దిచెప్పొచ్చు అనుకున్నాడు. అంతలో పేరు పిలిచారు. చెక్కు తీసుకుని, ఫొటో దిగి, రెండు ముక్కలు మాట్లాడమంటే, మనసుంటే ఏ వయసులోనైనా నడవొచ్చని కూడా చెప్పాడు. చప్పట్లు గట్టిగానే కొట్టారు.

నాలుగింటికి ఇల్లు చేరేసరికి లక్కే మొగుడు ఆయతు వరండాలో ఉన్నాడు. భుజాన గుడ్డలో పిల్ల. ఏడ్చి ఏడ్చి దాని గొంతు బొంగురుపోయింది. కల్యాణి చెంచాతో గేదెపాలు పట్టబోతే మొహం తిప్పేసుకుంటోంది.

"లక్కే రాలే సారూ. పిల్ల పొద్దుగాల్నుంచి ఏం తాగలే," అన్నాడు ఆయతు. "నాకా కాడికి నేను బోను. మొగోడు కనబడితే ముందుగాల పట్టుకుంటరు. అడవిలకెల్లి చుట్టు తిరిగి వచ్చిన."

చక్రధరరావు భార్యని లోపలికి పిలిచి జరిగింది చెప్పాడు. కల్యాణి చెంచా పక్కన పెట్టి చెప్పులు తొడుక్కుంది. అంత అసహ్యం ఆమెకి తన మొగుడి మీద ఎన్నడూ పుట్టలేదు.

"నడవండి," అంది.

ఆయతు పిల్లతో వరండాలోనే ఉండిపోయాడు. టౌన్‌షిప్ నుంచి నాకా దాకా కాలిబాటే, బండ్లు వచ్చే దారి అవతల లోయ వైపునుంది. పది గజాలకోసారి రాయి మీద కూలబడుతూ, చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయి, అతను గంటసేపు నడిచాడు. కల్యాణి ఎక్కడా చెయ్యి అందించలేదు.

రేకుల షెడ్డులో లక్కే ఇసుక బస్తాలకి ఆనుకుని నేల మీద కూర్చుంది. పాలు కారి రవిక ముందంతా తడిసి ఉంది.

ఎస్సై కాగితం, పెన్ను ముందుకు తోశాడు. "వాచీ మీరే ఇచ్చారని రాసి సంతకం పెట్టి తీసుకెళ్లండి. లేదంటే చోరీ కేసు. బండి వస్తోంది, ఈమె పెద్ద ఠాణాకి పోతుంది."

"వాచీ దొరికింది కదా. ఫిర్యాదు లేదని రాస్తాను."

"అది చాలదు. ఆమె చేతికి ఎలా వచ్చిందో ఉండాలి. నకలు మీ కంపెనీకి కూడా పోతుంది."

"రాయండి," అంది కల్యాణి. అతను కదలకపోతే తనే పెన్ను అందుకుంది. "నేను రాస్తానండీ."

"వాచీ మీ పేరున లేదు బెహన్‌జీ."

చక్రధరరావు ఆమె చేతిలోంచి పెన్ను తీసుకున్నాడు. తేదీ వేశాడు. తన పేరు రాశాడు. నోటీసు బోర్డు, గ్రాట్యుటీ, స్టోర్సులో వెనక నుంచి వినబడబోయే నవ్వులు, అన్నీ ఒక్కసారిగా కళ్లముందు తిరిగాయి. కింద లోయలో బండి శబ్దం వినిపించింది. పెన్ను బల్ల మీద పెట్టేశాడు.

"రేపు దంతెవాడలో వకీలుతో మాట్లాడతాను," అన్నాడు, ఎవరి మొహమూ చూడకుండా.

కల్యాణి షెడ్డు బయటికి వెళ్లిపోయింది. కానిస్టేబులు లేవమంటే లక్కే లేచింది. అతని బురద కాళ్లకేసి వింతగా చూసింది.

"గింత దూరం నువ్వే నడిచొచ్చినవా సారూ?"

అతను తలూపాడు.

"పిల్ల ఏడుస్తున్నదా?"

"లేదు. పాలు తాగి నిద్రపోయింది," అన్నాడు చక్రధరరావు.

లక్కే ఆ మాట నమ్మి బండెక్కింది.