అలిగే మొక్క

“అమ్మ ఉందిగా” అన్నాడు భర్త, తువ్వాలు భుజాన వేసుకుంటూ.

ఆమె పాప గుడ్డలు మడత పెడుతోంది. కళ్ళద్దాల దుకాణం యజమాని పొద్దున్నే ఫోన్ చేసి, ఒకటో తారీఖుకి వస్తున్నావా, వేరే మనిషిని చూసుకోమంటావా అని అడిగాడు. ఆ మాటే భర్తకి చెప్పి, మరి పాప సంగతేమిటని అడిగింది. దానికొచ్చిన జవాబు అది. జవాబు చెప్పేసి అతను స్నానానికి వెళ్ళిపోయాడు. లోపల కుళాయి కూడా ఏ చీకూచింతా లేనట్టు ధారగా మోగింది.

అబద్ధమెందుకు, ఆమెకీ ప్రాణం తేలికపడింది. ఆ దుకాణం వెనకగదిలో కళ్ళజోళ్ళకి అద్దాలు అరగదీయడం ఆమె పని. అరగదీసిన అద్దం ఫ్రేము గాడిలోకి వెంట్రుకవాసి తేడా లేకుండా దిగినప్పుడు ‘టిక్’మని ఓ చిన్న చప్పుడు వస్తుంది. ఆ చప్పుడుకి ఆమె మొహంవాచి ఉంది. “పిల్లతల్లివయ్యావు, ఇంక నీ చెయ్యేం నిలుస్తుంది?” అని యజమాని ఫోన్లో నవ్వాడు. నిలుస్తుందో లేదో వెళ్ళి చూపించాలని ఉంది.

అమ్మ ఉంది, నిజమే. వంటింటి వెనక పొడుగాటి గదిలో, తొట్ల మధ్య ఉంది.

ఒకప్పుడది సామాన్ల గది. ఇప్పుడు గోడ వెంబడి చెక్కబల్లలు, వాటిమీద వరసగా గాజుతొట్లు, పైన ట్యూబులైట్లు. తొట్ల నిండా నీళ్ళు, నీళ్ళ నిండా మొక్కలు. కొత్తగా వచ్చినవాళ్ళెవరైనా అద్దానికి ముక్కు ఆనించి చూసి “చేపలేవండీ?” అంటారు. “పెళ్ళికెళ్ళాయి” అంటుంది అత్తగారు. చేపల తొట్లలో అందానికి పెంచే చిన్నచిన్న మొక్కలవి. ఆవిడ పెంచుతుంది, చేపల దుకాణం అతను వచ్చి పట్టుకెళతాడు. అతని దగ్గర ప్రతి మొక్కకీ నోరు తిరగని శాస్త్రం పేరుంది. అత్తగారు తన పేర్లు తను పెట్టుకుంది.

నీటిపైన తేలే గింజంత ఆకులు ‘చుట్టాలు’. పిలవకుండా వస్తాయి, పొమ్మన్నా పోవు. ఒక్కటి మిగిలితే చాలు, చూస్తూండగానే తొట్టి నిండా తామే. దళసరి ఆకుల మొక్క ‘పెద్దాయన’. “దీని దుంపని ఇసకలో పూడ్చావా, కుళ్ళిపోతుంది. రాయిమీద కూర్చోబెట్టి, దారంతో కట్టి, దణ్ణం పెట్టి వచ్చెయ్యాలి. అచ్చం మీ మామగారే” అంది ఆవిడ ఓసారి. పాపకి పాలిస్తున్న ఆమె పొలమారినంతగా నవ్వింది. ఇక అంచులు ముడతలుపడ్డ పొడుగాకుల మొక్క ‘వియ్యపురాలు’. దానికి చోటు మారకూడదు, నీళ్ళు మారకూడదు, వెలుగు మారకూడదు. మారితే అలుగుతుంది. ఆకులన్నీ జావలా కరిగిపోతాయి. తెలియనివాళ్ళు చచ్చిందనుకుని పారేస్తారు. అడుగున వేరు మాత్రం నిక్షేపంలా ఉంటుంది. “మనిషి అలిగితే బతిమాలుకోవాలి. ఇది అలిగితే ఊరుకోవాలి. ముట్టుకోకు, కదపకు, పలకరించకు. బుద్ధి పుట్టినప్పుడు అదే చిగురేస్తుంది. వియ్యపురాలికంటే ఇదే నయం.”

కాన్పయిన కొత్తలో చల్లగా ఉంటుందని ఆమె ఆ గదిలోనే ముక్కాలిపీట వేసుకుని పాలిచ్చేది. పాలిస్తూ చూసేది. చూడగా చూడగా ఆమెకి తెలిసిందేమిటంటే, ఈ ఇంట్లో ఎవరూ ఇన్నేళ్ళూ ఆ గదిలోకి తొంగిచూశారే తప్ప చూడలేదు. “నీళ్ళల్లో కలుపు పెంచుతోంది మీ అత్త” అని మామగారి వేళాకోళం. “అమ్మకదో కాలక్షేపంలే” అని ఆడపడుచు. “మా ఇంట్లోనే పెరుగుతాయండీ ఇవి” అని హాల్లో తొట్టి చూపించి స్నేహితుల ముందు భర్త కాలరెగరేస్తాడు గానీ, పెంచేదెవరో అతని నోటివెంట రాదు. ఇక్కడేమో ఆవిడ వెంట్రుకల్లాంటి గడ్డిపోచల్ని పొడుగాటి పట్టకారుతో పట్టి, నీళ్ళడుగున ఇసకలో ఏటవాలుగా గుచ్చి, పట్టకారుని సన్నగా వణికిస్తూ బయటికి తీస్తుంది. తిన్నగా లాగితే పోచ కూడా వెంటే లేచి వస్తుంది. ఆ వణుకు ముసలితనపు వణుకు కాదు, నేర్చిన వణుకు. మోకాలిలోతు బురదలో నాటు వేసేవాళ్ళు వెనక్కి నడుస్తూ వరస తప్పకుండా నాటినట్టే, తొట్టి వెనక అంచు నుంచి మొదలెట్టి ముందు అద్దం దాకా వస్తుంది. ముసలాకు పండితే ఒక పోషకం కొరత, లేతాకు తెల్లబడితే ఇంకోదాని కొరత. ఆకు వంక ఒక్క చూపు చూసి దేనికి ఏ మందు ఎన్ని చుక్కలో వేస్తుంది. నాచుని పలచగా పరిచి రాళ్ళకి నూలుదారంతో చుడుతుంది. నెలలు గడిచి నాచు రాయిని పట్టుకునేసరికి దారం చివికి నీళ్ళలో కలిసిపోతుంది. ఎవరు కట్టారో, అసలెవరైనా కట్టారో లేదో ఆనవాలు ఉండదు. అద్దాలు అరగదీసే చెయ్యి కాబట్టి ఆమెకా పని విలువ తెలిసింది. తనకంటే పనిమంతురాలి పక్కన కూర్చున్నప్పుడు ఒళ్ళు కాస్త సర్దుకుంటుందే, అలా సర్దుకుని కూర్చునేది.

మరి అలాంటప్పుడు, “అమ్మ ఉందిగా” అన్నప్పుడు తన ప్రాణం ఎందుకు తేలికపడినట్టు? గుడ్డలు మడతపెట్టడం అయిపోయాక ఆమెకీ ప్రశ్న వచ్చింది. వచ్చింది గానీ, ఒకటో తారీఖు దగ్గరపడుతోంది. పక్కకి నెట్టేసింది.

ఆ ఆదివారం అత్తాకోడళ్ళు పాపకి టీకా వేయించడానికి వెళ్ళారు. ఆసుపత్రిలో వరస పెద్దది. తిరిగొచ్చేసరికి తండ్రీకొడుకులు ప్యాంట్లు మోకాళ్ళదాకా మడిచి, పొడుగు గది గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఇద్దరి మొహాలూ వెలిగిపోతున్నాయి.

“కళ్ళు మూసుకో అమ్మా!” అన్నాడు కొడుకు.

గది ఖాళీగా ఉంది. బల్లలు లేవు, తొట్లు లేవు. కడిగిన నేల, మధ్యలో పాప ఉయ్యాల.

“వంటింటికి దగ్గర కదా, నువ్వు వంట చేసుకుంటూనే చూసుకోవచ్చు” అన్నాడు కొడుకు. “నీ తొట్లెక్కడికీ పోలేదు. ముందు వసారాలో పెట్టాం. అక్కడ ఎండ కూడా బాగా తగుల్తుంది.”

“ఆ మురికినీళ్ళన్నీ పారబోసి కొత్తనీళ్ళు పట్టాం” అన్నాడు మామగారు. “నీ రాళ్ళకి ఎంత పాచి పట్టిందే! తోమితోమి నా రెక్కలు పడిపోయాయి. చూడు, ఎలా మెరుస్తున్నాయో.”

వసారా గోడవారన ఆ రాళ్ళు ఆరబెట్టి ఉన్నాయి. నున్నగా, తెల్లగా, కోడిగుడ్లలా. అత్తగారు నెలల తరబడి కట్టిన నాచు మోరీ జాలీ దగ్గర ముద్దయి పడి ఉంది.

అత్తగారు ఒక రాయి చేతిలోకి తీసుకుంది. తిప్పి చూసింది. మళ్ళీ ఉన్నచోటే పెట్టేసింది.

“బాగా తోమారు. టీ పెట్టనా?” అంది.

అరిచి ఉంటే బాగుండునని ఆమెకి అనిపించింది. నోరుగల మనిషి. పాలపొడి డబ్బా మూత సరిగ్గా పెట్టలేదని ఇల్లెగరగొట్టిన మనిషి. టీ పెట్టి, ఇద్దరికీ చక్కెర కలిపి ఇచ్చింది.

తర్వాత వియ్యపురాళ్ళు అలిగాయి. ఒక్క తొట్టి మిగలకుండా అన్నీ. ఎండకి నీళ్ళు పచ్చబడ్డాయి, ఆకులు గాజులా పలచబడి, కరిగి, అడుగున జావగా పేరుకున్నాయి. “అయ్యో, బాగా చూసుకోవట్లేదా అమ్మా?” అన్నాడు కొడుకు చెప్పులేసుకుంటూ.

ఆమె దుకాణానికి వెళ్ళవలసిన ముందురోజు మధ్యాహ్నం. పాప నిద్రపోయింది. వసారాలో అత్తగారు తొట్లు వంచి, అడుగుమట్టితో సహా అన్నిటినీ ప్లాస్టిక్ బకెట్లోకి ఊడ్చేస్తోంది.

“ఏం చేస్తున్నారత్తయ్యా?”

“చచ్చిపోయాయమ్మాయ్. తొట్లు తీసుకుపొమ్మని చేపలాయనకి కబురుపెట్టాను. అడ్డం కదా.”

ఆమె బకెట్ దగ్గర కూర్చుని మట్టిలో వేళ్ళు పెట్టింది. ఒక వేరు తగిలింది. బయటికి తీసింది. తెల్లగా, గట్టిగా ఉంది. వంచితే వంగి, వదిలితే నిలబడింది.

“ఇది బతికే ఉందత్తయ్యా.”

“నాకు చెప్తున్నావా?”

ఆ గొంతులో ఏదో ఉంది. ఆమె తలెత్తింది. అత్తగారు వేరు వంక చూడలేదు, చూడాల్సిన అవసరం లేదు. ఈ వేళ్ళు బతికున్నాయని ఈ లోకంలో అందరికంటే ముందు తెలిసేది ఆవిడకే. తెలిసే పారేస్తోంది. తెలిసే, చచ్చిపోయాయని అబద్ధమాడుతోంది. ఎవరికోసమో కూడా ఆమెకి తెలిసింది.

“నాకున్నవి రెండు చేతులు” అంది అత్తగారు, తొట్టి తుడుస్తూ. “వాటితో పిల్లనెత్తుకోనా, వీటిని పట్టుకోనా? అలా చూడకు. నీ మొగుడు పుట్టినప్పుడు కుట్టుమిషను ఇచ్చేశాను. ఏమైంది? ఏడ్చానా?”

“ఏడ్చారా?”

అత్తగారు గుడ్డ పిండింది. పిండిన గుడ్డనే మళ్ళీ పిండింది.

“లే అవతలికి. మట్టి చీరకంటుతుంది” అంది.

ఆమె లేచింది. పిల్లవాడు పుట్టాడని ఒక మిషను పోయింది. ఆ పిల్లవాడికి పిల్ల పుట్టిందని ఇప్పుడీ తొట్లు పోతున్నాయి. తను అద్దాల దగ్గరికి వెళ్ళడానికి దారి దొరికిందని సంబరపడింది కదా, ఆ దారి ఈవిడ మీదుగా వేసి ఉంది. మానేస్తే? రేపు ఫోన్ చేసి రానని చెప్పేస్తే? అప్పుడు దారి తన మీదుగా పడుతుంది, అంతే తేడా. ఆ దారి కింద ఇద్దరిలో ఎవరు పడుకోవాలన్నదే ప్రశ్న అయినట్టు ఇన్నాళ్ళూ ఆలోచించింది. హాల్లోంచి టీవీ వినిపిస్తోంది. ఎక్కడో క్రికెట్ ఆట. మామగారు ఎవరినో మెచ్చుకుంటూ చప్పట్లు కొట్టాడు. పదవీ విరమణ చేసినప్పటి నుంచి ఆయన ఆ కుర్చీలోనే ఉన్నాడు. ఆరోగ్యంగా ఉన్నాడు. రాళ్ళు తోమగల రెక్కలున్నాయి. ఈ ఇంట్లో పిల్లనెవరు చూస్తారని ఇంతమంది ఇన్నిసార్లు అనుకున్నారే, ఒక్కరి వేలైనా ఆ కుర్చీ వైపు తిరగలేదు. తన వేలు కూడా.

సాయంత్రం భర్త రాగానే, “ఆ తొట్టి అటు కొస పట్టుకోండి” అంది.

“ఎక్కడికి?”

“పట్టుకోండి, చెప్తాను.”

మొదటి తొట్టి పొడుగు గదిలోకి వెళ్ళేదాకా అతనికి సంగతి అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి రెండోది చేతుల్లో ఉంది, కిందపెడితే పగులుతుంది. బల్లలు మళ్ళీ గోడకి చేరాయి. ఉయ్యాల హాల్లోకి వచ్చింది.

“ఇదిక్కడెందుకు?” అన్నాడు మామగారు, టీవీకి అడ్డమొచ్చిందని మెడ చాపుతూ.

“గాలి బాగా వస్తుంది మామయ్యగారూ.”

అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి అంతా చూసింది. బకెట్ మాత్రం వసారాలోనే వదిలేసి వెళ్ళిపోయింది. ఆమె దాన్ని తెచ్చి గది మధ్యలో పెట్టింది.

పొద్దున ఆమె తయారై, పాపకి పాలిచ్చి, హాల్లోకి వచ్చింది. మామగారు పేపరు చదువుతున్నాడు. పేపరు మీదుగానే పాపని ఒళ్ళో పెట్టింది.

“ఏయ్, ఏయ్! నాకిచ్చావేమిటి?”

“నేను దుకాణానికి వెళ్తున్నాను మామయ్యగారూ. పాలు పిండి, సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టాను. గోరువెచ్చగా చేసి పట్టండి. గుడ్డలు ఈ బుట్టలో ఉన్నాయి.”

“నాకేం తెలుసమ్మా ఇవన్నీ!”

“నాకూ తెలియదండీ, ఇది పుట్టేదాకా.”

భర్త అద్దం దగ్గర దువ్వెన ఆపేశాడు. “నాన్నేం చూస్తారు? ఆయనకి అలవాటు లేదు.”

“అవుతుంది. మీరు మధ్యాహ్నం భోజనానికొచ్చి ఓ గంట అందుకోండి, ఆయన నడుం వాలుస్తారు. ఆ తర్వాత నేనొచ్చేస్తాను.”

“అమ్మకేమయింది మరి?”

“ఆవిడకి పనుంది” అంది ఆమె.

ఆ మాట అంత మామూలుగా ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. భర్త దువ్వెన వంక చూసుకున్నాడు, సమాధానం దాని పళ్ళల్లో ఉన్నట్టు.

చెప్పులు వంటింటి వెనక గుమ్మం దగ్గరున్నాయి. వాటికోసం వెళ్తూ ఆమె పొడుగు గదిలోకి చూసింది. లైట్లు వెలుగుతున్నాయి. అత్తగారు కొంగు బిగించి, చేతులు మోచేతులదాకా తొట్టిలో పెట్టి ఉంది. పక్కన బకెట్. ఒక్కొక్క వేరూ ఏరి, కడిగి, అడుగున కుదురుస్తోంది. ఆకు లేని వేళ్ళ వరస అప్పటికే సగం తొట్టి దాకా వచ్చింది.

హాల్లో పాప ఏడుపు అందుకుంది. ముందు సన్నగా, తర్వాత ఇల్లదిరేటట్టు.

“ఏమేవ్! ఏడుస్తోందే ఇది!” అని మామగారి కేక.

నీళ్ళలో అత్తగారి చేతులు ఆగాయి. భుజాలు గుమ్మం వైపు కొద్దిగా తిరిగాయి. చెప్పులో కాలు దూర్చబోతున్న ఆమె అలాగే నిలబడిపోయింది. ఇన్నేళ్ళుగా ఆ కేకకి లేచిన ఒళ్ళది. లేస్తే ఎవరూ తప్పుపట్టరు, తను కూడా.

“భుజాన వేసుకుని వీపు నిమరండి” అని తొట్టిలోకి చూస్తూనే గట్టిగా కేకేసి, అత్తగారు ఇంకో వేరు అందుకుంది.