చెరో సగం

నాగేశ్వరరావు మాస్టారింట్లో ఏదీ ఒక్కరే తిన్న దాఖలా లేదు. అరటిపండు ఒలిస్తే సగం హైమవతి గారికి. పక్కింటివాళ్ళు అట్లతద్దికి ఒక్క అట్టు పంపినా అది రెండు ముక్కలయ్యేది. పామర్రులో వాళ్ళ వీధి వీధంతా ఈ సంగతి చెప్పుకుని నవ్వుకునేది. "మాస్టారికి జ్వరమొస్తే అమ్మగారు సగం మూలుగుతారంట" అనేవాళ్ళు.

శ్రీదుర్గకు ఈ సంగతి చిన్నప్పటినుంచీ తెలుసు. తెలిసీ మరిచిపోయింది.

పామర్రు పక్క పల్లెలో వరి పండించే తిరుపతిరావు కూతురు శ్రీదుర్గ. ఆ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి. హైస్కూల్లో మాస్టారి దగ్గర లెక్కలు నేర్చుకుంది. ఇప్పుడు విజయవాడలో ఒక పెద్దాసుపత్రిలో, కొత్త మందుల్ని రోగులకిచ్చి పరీక్షించి చూసే విభాగంలో ఉద్యోగం. మందేమిటో రోగులకు తెలుగులో విడమరిచి చెప్పాలి, వాళ్ళు ఒప్పుకుంటే సంతకం పెట్టించుకోవాలి, ఆ తర్వాత నెలనెలా వాళ్ళని కనిపెట్టుకుని ఉండాలి. మాట పొదుపు, పనిలో మాత్రం వంక పెట్టడానికి ఉండదు.

మాస్టారికి ఊపిరితిత్తులు బిరుసెక్కే జబ్బు చేసింది. మెత్తగా ఉబ్బాల్సినవి ఎండిన బీరపీచులా తయారవుతున్నాయి. వాడుతున్న మందులు జబ్బు నడకని కాస్త నెమ్మదించగలవు, అంతే. పెద్ద డాక్టరు అనంతకృష్ణ గారు కొత్త మందు పరీక్షలో ఆయన్ని చేర్చుకుంటామన్నారు. విషయం వివరించే పని శ్రీదుర్గకే పడింది.

"ఒంట్లో కణాలు ముదిరిపోతే వాటంతట అవి చచ్చిపోవాలండీ మాస్టారూ. కొన్ని చావవు. పనీ చెయ్యవు. ఊరికే కూర్చుని చుట్టుపక్కలవాటికి విషం చిమ్ముతుంటాయి. మా నాన్న విత్తనాల వరిలో బెరుకులు పీకుతాడు చూశారా? వేరే రకం మొక్క కనపడితే వేళ్ళతో సహా లాగేస్తాడు, మిగతా చేను చెడిపోతుందని. ఈ మందు పనీ అదేనండీ. ఆ ముదుర్లని ఏరేస్తే మిగతావి కోలుకుంటాయని ఆశ."

"అవి ఊపిరితిత్తుల్లోనే ఉంటాయా అమ్మాయ్?"

"లేదండీ. వయసు మీదపడేకొద్దీ అన్నిచోట్లా చేరతాయి. గుండెలో, కళ్ళల్లో, మోకాళ్ళల్లో."

"అయితే నా మోకాళ్ళల్లో సంత జరుగుతుంటుంది" అంది పక్కనే కూర్చుని కాలు రుద్దుకుంటున్న హైమవతి. ముగ్గురూ నవ్వారు.

"ఇంకోమాటండీ. అందరికీ అసలు మందు ఇవ్వరు. కొందరికి ఉత్తి పిండిబిళ్ళ ఇస్తారు. ఎవరిది ఏదో మీకూ తెలీదు, నాకూ తెలీదు. పరీక్ష అయ్యాకే తెలుస్తుంది."

"సరే, మన రాత ఎలా ఉందో చూద్దాం" అని మాస్టారు సంతకం పెట్టారు. తన మాట ఆయనకు అంత చక్కగా అర్థమైనందుకు శ్రీదుర్గకు ఆ రోజంతా గర్వంగా ఉంది.

బిళ్ళలు కొద్దిరోజులు మింగి, కొన్ని వారాలు ఆపి, మళ్ళీ మింగాలి. వేసవి అలా గడిచింది. కాలవలకి నీళ్ళొదిలే రోజుల్లో ఒకసారి ఇద్దరూ ఆసుపత్రికి వచ్చారు. మాస్టారికి రక్తం తీయించి, హైమవతికి మంచినీళ్ళు అందిస్తుంటే ఆవిడ ముంజేతి మీద నల్లటి మచ్చలు కనిపించాయి శ్రీదుర్గకు.

"ఎక్కడన్నా పడ్డారా అమ్మగారూ?"

"పడలేదే. గాజులు ఒత్తుకున్నాయేమో."

ఆ మచ్చలు మోచేయి దాకా పాకి ఉన్నాయి. గాజులు అంత దూరం పోవు.

"పళ్ళు తోముకునేటప్పుడు రక్తం వస్తోందా?"

హైమవతి భర్త వంక చూసింది. రక్తం తొందరగా గడ్డకట్టకపోవడం ఆ మందుకున్న చెడుగుణం. ఆ సంగతి మాస్టారికి చెప్పింది కూడా తనే.

"మాస్టారూ, ఆ బిళ్ళలు..."

"చెరో సగం వేసుకుంటున్నాం" అన్నారాయన, ఏమీ దాచకుండా. "అడకత్తెరతో కోస్తే చక్కగా తెగుతోంది. ఏం? నువ్వేగా చెప్పావు, మోకాళ్ళల్లోనూ అవే ఉంటాయని?"

"అలా కోసుకోకూడదండీ! అది మీకోసం లెక్కకట్టిన మందు!"

"నేను బాగుపడి లేచి తిరుగుతుంటే ఇది మూల కూర్చుని కాళ్ళు పట్టుకుంటుంటే, ఆ బాగు నేనేం చేసుకోనూ?"

ఆయనకు ఇంకో పరీక్ష కూడా చేయాల్సి ఉంది. లోపలికి పిలిచారు. ఆయన వెళ్ళగానే హైమవతి శ్రీదుర్గ చేయి రెండు చేతులతో పట్టుకుంది.

"నేను మానేస్తానే. ఇవాళే మానేస్తాను. ఇకమీదట మొత్తం ఆయనకే వేస్తాను. పెద్ద డాక్టరుగారికి చెప్పకే దుర్గా. నీకు పుణ్యముంటుంది."

చెబితే మాస్టారిని పరీక్షలోంచి తీసేస్తారు. అది నియమం. మచ్చలొచ్చాయంటే ఆయనకు పడింది అసలు మందేనన్నమాట. అంటే ఆయన చేతిలో ఉన్న ఒకే ఒక్క ఆశని తీసుకెళ్ళి తనే పారబోయాలి. చెప్పకపోతే ఈవిడ ఒంట్లో రక్తం ఎంత పలచబడిందో చూసేవాళ్ళుండరు. బయట ఏ ల్యాబులోనో గుట్టుగా చూపించవచ్చు. ఆ ఆలోచన కూడా వచ్చింది శ్రీదుర్గకు. ఆ చేతుల్లోంచి తన చేయి మెల్లగా విడిపించుకుని, అనంతకృష్ణ గారి గది తలుపు తట్టింది.

హైమవతికి ఆ పూటే పరీక్షలు చేసి, మంచం ఇచ్చి, రెండు రోజులు ఉంచుకున్నారు. మచ్చలు తగ్గిపోతాయన్నారు. మాస్టారి పేరు మాత్రం కొట్టేశారు. మందు ఇంకా మార్కెట్లోకి రాలేదు కనక కొని ఇద్దామన్నా దొరకదు.

మిగిలిన బిళ్ళలు వెనక్కి తీసుకోవడానికి శ్రీదుర్గ పామర్రు వెళ్ళింది. మాస్టారు పడకకుర్చీలో ఆయాసపడుతూ కూర్చుని ఉన్నారు.

"ఎనిమిదో క్లాసులో పక్కపిల్ల చూసి రాస్తోందని లేచి నిలబడి చెప్పావు, గుర్తుందా?"

"గుర్తుందండీ."

"క్లాసంతటి చేతా నీకు చప్పట్లు కొట్టించాను. బుద్ధిలేక!" అని నవ్వబోయారు. నవ్వు దగ్గయింది. దగ్గు ఎంతకీ ఆగలేదు. హైమవతి వీపు రాస్తూ శ్రీదుర్గ వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

దగ్గు తెరిపిచ్చాక ఆయనే అన్నారు. "ఊరికే అన్నానమ్మాయ్. నువ్వు చెప్పకపోతే ఇది ఏమయ్యేదో. మనసులో పెట్టుకోకు."

పెట్టుకోవద్దంటే పోయేదా అది? కార్తీకం వెళ్ళకుండానే ఆయన పోయారు. సగం బిళ్ళతో సరిపెట్టుకోకపోతే బతికేవారా, మొత్తం మింగినా అంతేనా, చెప్పగలవాళ్ళు ఎవరూ లేరు.

సంక్రాంతి దాటి, మినుము పీకే రోజుల్లో శ్రీదుర్గ ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళింది. హైమవతి వాకిట్లో నేలమీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. లోపలికి రమ్మనలేదు, పొమ్మననూ లేదు. శ్రీదుర్గ ఎదురుగా కూర్చుని తనూ నాలుగు కాయలు చేతిలోకి తీసుకుంది.

"ఆ మందు సంగతి తేలిందా?" అంది హైమవతి.

"ఇంకా లేదండీ. ఈ ఏడాది చివర్లో చెబుతారు."

"పనిచేసిందని వస్తే నీకు సంతోషం."

శ్రీదుర్గ చేతిలోని కాయ ఒలిచి గింజలు పళ్ళెంలో వేసింది. అబద్ధం చెప్పడం చేతకాదు. ఆసుపత్రి బల్లల మీద ప్రతి రోజూ ఆయాసంతో వచ్చి కూర్చునేవాళ్ళ ముఖాలు ఆమెకు తెలుసు. అది పనిచేయాలనే ఆమె ప్రతి పొద్దునా కోరుకుంటుంది.

"పనిచేయలేదని రావాలని మొక్కుకున్నానే" అంది హైమవతి, కాయల మీంచి తల ఎత్తకుండా. "పనిచేసే మందే అయితే ఆయన సగం ప్రాణం నేను తిన్నట్టు. ఉత్తి మందే అయితే ఆయన కాలం తీరి వెళ్ళిపోయినట్టు. లోకంలో ఇంకెంతమందికి ఆ జబ్బుందో నాకు తెలుసు. తెలిసే మొక్కుకున్నా. పాపం తగులుతుందంటావా?"

"అలా అనకండి అమ్మగారూ."

"మరెలా అనమంటావు?"

వీధిలో మినుము బస్తాల ట్రాక్టరు వెళ్తోంది. అది మలుపు తిరిగేదాకా ఇద్దరూ కాయలు ఒలిచారు. తర్వాత హైమవతి ఒలిచిన గింజల పళ్ళెం రెండు చేతులా పట్టుకుని లేచింది. గోడ పట్టుకోలేదు. నేలకి చెయ్యి ఆన్చలేదు. వయసులో ఉన్న మనిషిలా లేచి నిలబడింది.

నిలబడ్డాక ఆవిడకే తెలిసొచ్చింది, మోకాళ్ళు నొప్పెట్టలేదని. శ్రీదుర్గ చూసిందని కూడా తెలిసింది.

"ఏదో ఎండపొడకి" అంది గబగబా. "ఎండకాలం దగ్గరకొస్తే నొప్పులు అవే తగ్గుతాయి. ఎప్పుడూ ఉన్నదే."

"అవునండీ" అంది శ్రీదుర్గ.

జీవితంలో మొదటిసారి ఆమె తెలిసి అబద్ధమాడింది. హైమవతి ఆ మాట నమ్మాలని చాలాసేపు ఆమె ముఖంలోకి చూస్తూనే ఉంది.