డూప్లికేటు బాణీ

మొదట్లో అతని చేతిలో ఉన్నవి ఇవీ: మార్కెట్టు మలుపులో ఒక తాళాల కొట్టు, ఏ తాళంచెవికైనా అచ్చు గుద్దినట్టు నకలు తీసే పనితనం, సరుకులో మోసం చెయ్యడన్న పేరు, వంక పెట్టడానికి వీల్లేని భార్య. లోటల్లా ఒక్కటే. తోడల్లుడు గిటారు వాయిస్తుంటే ఆమె కళ్ళు మూసుకునేది.

తోడల్లుడు స్కూలు వ్యాను డ్రైవరు. భార్య అక్కగారి మొగుడు కాబట్టి వరసకు పెద్దవాడు. అత్తగారింట్లో అందరూ కలిసి భోంచేసిన ఆదివారాల్లో, చెయ్యి కడుక్కోవడం ఆలస్యం, గిటారు ఒళ్ళోకి తీసుకునేవాడు. వాయించేది ఎప్పుడూ ఒక్కటే. ఒక పాత సినిమాలో హీరో రైలు దిగి, ఎవరూ లేని ప్లాట్‌ఫాం మీద నడిచి వస్తుంటే వినిపించే సంగీతం. ఆ సినిమా చూడనివాళ్ళు కూడా ఆ బాణీని ఈల వేస్తారు. సగంలో ఒకచోట తోడల్లుడు చటుక్కున ఆగి, తల పైకెత్తి, చిన్నగా నవ్వి, మళ్ళీ అందుకునేవాడు.

"ఆ ఆగడంలోనే ఉందమ్మా ప్రాణమంతా" అనేది అత్తగారు.

"మా బావ చేతిలో ఏం మహత్యం ఉందో!" అనేది అతని భార్య, కళ్ళు తెరవకుండానే.

అతనికి ఒళ్ళు మండిపోయేది. మొన్నటికి మొన్న బీరువా బిగుసుకుపోతే, తను సన్నటి ఊచ ఒకటి పెట్టి చిటికెలో తెరిచాడు. ఆమె "అమ్మయ్య" అంది. అంతే. ఆ అమ్మయ్యనూ, ఈ కళ్ళు మూసుకోవడాన్నీ తక్కెడలో వేసి చూసుకుంటే, తన పళ్ళెం గాల్లో తేలింది.

పక్క కొట్లో ఒక సరుకు ఎగబడి కొంటుంటే, అదే సరుకు తన కొట్లోనూ పెట్టడం అతని అలవాటు. ఈసారీ అదే చేశాడు. పాత గిటారు ఒకటి కొని గొళ్ళేల డబ్బాల వెనక దాచాడు. తరవాతి ఆదివారం తోడల్లుడు వాయిస్తుంటే, మురిసిపోతున్నట్టు మొహం పెట్టి ఫోనులో వీడియో తీశాడు.

"ఏం తమ్ముడూ, నా మీద ఇంత అభిమానం ఎప్పట్నించి?" అన్నాడు తోడల్లుడు.

"మీకేం అన్నయ్యగారూ, మీరు స్టారు" అన్నాడు, పళ్ళు నూరుకుంటూ.

మధ్యాహ్నం బేరాలు తగ్గాక షట్టరు సగం దించి, ఫోను ఎదురుగా పెట్టుకుని కూర్చునేవాడు. అతని వృత్తిలో ఒక నియమం ఉంది. నకలు తీసేవాడు సొంత తెలివి వాడకూడదు. అసలు తాళంచెవిలో ఒక పన్ను వంకరగా ఉంటే నకలులోనూ వంకరగానే ఉండాలి. అందంగా ఉంటుందని సరిచేస్తే తలుపు తెరుచుకోదు. గిటారు కూడా అలాగే నేర్చుకున్నాడు. ఏ వేలు ఏ మెట్టు మీద, ఎంతసేపు, అన్నీ దించాడు. ఆ ఆగడం దించాడు. తల ఎత్తడం, నవ్వు కూడా దించాడు.

"ఏవండీ, వేళ్ళకేమైంది?" అని అడిగింది భార్య ఒకసారి.

"చెవి అరగదీస్తుంటే ఆకురాయి గీసుకుంది."

"ఎడమచేతి వేళ్ళన్నిటికీనా?"

అతను మాట మార్చేశాడు.

చేతికి పని వచ్చిందని నమ్మకం కుదిరిన ఆదివారం, గిటారుతో అత్తగారింటికి వెళ్ళాడు. భోజనాలయ్యాక తోడల్లుడి కంటే ముందే మొదలుపెట్టాడు. భార్య నోరు తెరుచుకుని చూస్తోంది. ఇక కళ్ళు మూసుకుంటుంది, ఇక మూసుకుంటుంది అనుకుంటూ ఆ చోటికి వచ్చి ఆగాడు. తల పైకెత్తాడు. నవ్వాడు.

గదంతా గొల్లుమంది.

"బాబాయ్! అచ్చం మా నాన్నే! ఆ మూతి కూడా!" అంటూ తోడల్లుడి కూతురు నేలమీద పడి దొర్లింది. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భార్య నవ్వలేదు గానీ, సిగ్గుతో తల దించుకుంది. అది ఇంకా ఘోరం.

తోడల్లుడు కూడా నవ్వలేదు. లేచి వచ్చి పక్కన కూర్చున్నాడు.

"అక్కడెందుకు ఆగావు తమ్ముడూ?"

"మీరు ఆగుతారుగా."

"నేను ఆగటం కాదయ్యా. అక్కడొక స్వరం ఉంది. నా ఉంగరం వేలు వంగదు." ఎడమచెయ్యి చాపి చూపించాడు. "వ్యాను తలుపులో పడిందిగా అప్పుడు. మానిపోయిందని చెప్పాను. ఇంట్లో తెలిస్తే బండి మాన్పిస్తారని."

తోడల్లుడి భార్య ఆ వేలు పట్టుకుని వంచబోయింది. వంగలేదు. అతని భార్య కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తప్పు బయటపడింది తోడల్లుడిది, జాలి కూడా తోడల్లుడికే! ఇదెక్కడి బేరం!

"నీ వేలు ఇటియ్యి" అన్నాడు తోడల్లుడు. ఉంగరం వేలు పట్టుకుని ఒక మెట్టు మీద నొక్కిపెట్టాడు. "ఇప్పుడు మీటు. ఊఁ, మొదట్నించీ వాయించు."

అతను మొదట్నించీ వాయించాడు. ఆ చోటికి వచ్చేసరికి ఆగలేదు. వేలు వంగింది, స్వరం పలికింది, బాణీ తెగకుండా అవతలి గట్టుకు చేరింది. తలెత్తి చూస్తే, తోడల్లుడు తన వేలివైపే చూస్తున్నాడు. ఆ చూపు అతను వెంటనే గుర్తుపట్టాడు. ఇన్నాళ్ళుగా తను మోస్తున్న సరుకే అది.

"ఇది బానే ఉంది గానీ, పెద్దల్లుడుగారిలా ఆగితేనే బావుండేది" అంది అత్తగారు.

"నువ్వూరుకోమ్మా" అంది అతని భార్య. ఆమె కళ్ళు మూసుకోలేదు. అతని చేతికేసి చూస్తూ దగ్గరికి జరిగి, "ఆకురాయా?" అని గొంతు తగ్గించి అడిగింది.

చివరికి మిగిలింది ఇదీ: ఒక బాణీ, అందులో తోడల్లుడి దగ్గర లేని ఒక స్వరం, మొద్దుబారిన వేళ్ళు, వాటి వంకే కళ్ళు తెరుచుకుని చూసే భార్య. అసూయ ఎక్కడికీ పోలేదు. కాకపోతే ఇప్పుడది ఇద్దరి మధ్య చెరిసగమైంది. అతను దాన్ని లాభంకిందే జమకట్టుకున్నాడు.